మూడు మాటల పరీక్ష

టెలిఫోన్ పెద్దావిడకు మతి పోయిందనీ, ఆ మతిమరుపులోనే కట్టుకున్నవాడికి ఒకే ఉదయం రెండు ఇంజెక్షన్లు వేసి ప్రాణం తీసిందనీ వీధి వీధంతా నమ్మింది. పేపరు వేసేవాడు నమ్మాడు, ఇస్త్రీ చేసేవాడు నమ్మాడు, పై వాటాలో అద్దెకుండే దంపతులు నమ్మారు. కడుపున పుట్టిన కూతురూ నమ్మింది. విచిత్రమేమిటంటే, నాలుగు రోజులుగా పెద్దావిడ తానూ నమ్మడం మొదలుపెట్టింది.

అందరూ ఒకేలా నమ్మిన మాట ఎదురైతే ల్యాబ్ మేడమ్‌కు అరచేయి దురద పెడుతుంది. ప్రభుత్వ నేర పరిశోధనశాలలో విషాలూ నెత్తురూ పరీక్షించి రిటైరైన మనిషి ఆమె. ఆ పేరు పోలీసులు పెట్టింది. కొంత గౌరవంతో, కొంత విసుగుతో. ఇప్పుడు ఎవరైనా వచ్చి అడిగితే సొంతంగా కేసులు చూస్తున్నది. ఈ కేసు తెచ్చింది కూతురే. "మా అమ్మ కావాలని చేయలేదని తేల్చండి మేడమ్, నాకదే చాలు" అని ప్రాధేయపడింది. అసలు చేయలేదని తేల్చమని మాత్రం అడగలేదు. ఆ తేడా మేడమ్ చెవిలో ముల్లులా నిలిచిపోయింది.

వ్యవధి పెద్దగా లేదు. ఈ సాయంత్రమే వీధి చివరి క్లినిక్‌లో డాక్టరు పెద్దావిడకు రెండోసారి జ్ఞాపకశక్తి పరీక్ష చేస్తాడు. అందులోనూ తప్పితే ఆమెను బయటివైపు గడియలుండే ఆసుపత్రికి పంపడానికి ఇన్‌స్పెక్టర్ సర్వం సిద్ధం చేసుకుని వచ్చాడు. జీపు వాకిట్లోనే ఉంది. ఒకసారి ఆ గడియ పడితే ఆమె చెప్పే మాటకు ఏ కోర్టులోనూ విలువ ఉండదు.

క్లినిక్ ముందుగదిలో గోడ వారగా వేసిన బల్ల మీద పెద్దావిడ కూర్చుని ఉంది. పక్కన కూతురు. మేడమ్ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, ఆ రోజు జరిగినదంతా మొదటి నుంచీ చెప్పమంది.

"చెప్తానమ్మా. కానీ నా మాట మరీ పట్టుకోకు. నాకు మతిమరుపంట" అంది పెద్దావిడ, ఎవరి జబ్బు గురించో చెబుతున్నట్లు.

ఆమె టెలిఫోన్ ఎక్స్చేంజిలో ముప్ఫై ఏళ్ళు ఆపరేటరుగా చేసింది. భర్తకు షుగరు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి మాటా, కుడిచేయీ పడిపోయాయి. పెద్దావిడకు చూపు మందగించి సిరంజి మీద గీతలు కనబడవు. కాబట్టి చిరకాల మిత్రుడైన డాక్టరే రోజూ ఉదయం క్లినిక్‌కు నడిచి వెళ్తూ దారిలో ఆగి, వాళ్ళ ఫ్రిజ్‌లోని ఇన్సులిన్ తీసి తన చేత్తో వేసి వెళ్ళేవాడు. ఆ ఉదయమూ అలాగే వచ్చాడు, వేశాడు, వెళ్ళాడు. పెద్దావిడ భర్తకు నాలుగు ముద్దలు తినిపించి వంటింట్లో గిన్నెలు కడుగుతుండగా మళ్ళీ తలుపు చప్పుడైంది. అదే సంచీ, అదే పలకరింపు.

"'మళ్ళీ వచ్చారేంటండీ' అన్నాను. 'మళ్ళీ ఏంటమ్మా, ఇప్పుడేగా రావడం' అన్నారు. నవ్వారు కూడా."

"పెద్దాయన ఏమీ చేయలేదా?"

పెద్దావిడ తన ఒళ్ళోని చేతుల వంక చూసుకుంది. "మంచి చెయ్యి అడ్డం పెట్టారమ్మా. మాట లేదు కదా, ఊఁ ఊఁ అని తల ఊపారు. నేనే ఆ చెయ్యి పట్టుకుని పక్కకి తీశాను."

"ఎందుకు తీశారు?"

"మతిమరుపు నాదని డాక్టరు గారు అంతకుముందే పరీక్ష చేసి చెప్పారు కదా. పొరబడింది నేనే అయ్యుంటాననుకున్నా. ఆయనేదో మొండికేస్తున్నారనుకున్నా."

కూతురు మొహం తిప్పుకుంది. మేడమ్ పాత విషయాలూ, నిన్నటి విషయాలూ కలగలిపి చాలా ప్రశ్నలు వేసింది. పెద్దావిడ కొన్నిటికి తడుముకుంది, ఒకటి రెండు తెలియవంది. అయితే ఒక్కసారి కూడా కూతురి వైపు తల తిప్పలేదు. జ్ఞాపకం జారిపోతున్నవారు జవాబు కోసం పక్కనున్న తమవారి మొహం చూస్తారు; ఆ చూపు వారికి తెలియకుండానే పోతుంది. ఆ చూపు ఇక్కడ లేదు. ఒక్క ఆనవాలు లేనంత మాత్రాన జబ్బు లేదని కాదు. మేడమ్ దానిని మనసులో ఒక మూలన ఉంచి, మొదటి పరీక్ష సంగతి అడిగింది.

"వస్తువులు ఎక్కడో పెట్టి మర్చిపోతున్నానని అమ్మాయే తీసుకొచ్చింది. మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమన్నారు. మధ్యలో గడియారం బొమ్మ వేయించారు. తర్వాత ఆ మాటలేంటో చెప్పమన్నారు. తాళం, నిమ్మకాయ, వంతెన అన్నాను. ఒక్కటీ కాదన్నారు."

మేడమ్ లేచి కూతురిని మెట్ల దగ్గరకు తీసుకువెళ్ళింది. ఆ పరీక్ష వేళ ఆమె కూడా గదిలోనే ఉంది. డాక్టరు ఏయే మాటలు చెప్పాడో గుర్తుందా అని అడిగితే కూతురు తడబడింది.

"తాళం, నిమ్మకాయ, వంతెన... అలాగే విన్నట్టుంది మేడమ్. అమ్మా అవే చెప్పింది. కానీ డాక్టరు గారు కాదన్నారు కదా. పరీక్ష పెట్టినాయనకి తెలీదా? నేనే సరిగ్గా వినలేదేమోననుకున్నాను."

"ఆ మాటల గురించి తర్వాత ఇంట్లో మీరిద్దరూ అనుకున్నారా?"

లేదంది. ఆ పరీక్ష ఊసెత్తితే తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందని ఎవరూ ఎత్తలేదట.

మేడమ్ మెట్ల కమ్మీ మీద వేళ్ళు ఆనించి నిలబడింది. మనుషులు మరచిపోతారు, ఎవరి దారిన వారు మరచిపోతారు. ఇద్దరు వేరువేరుగా మరచిపోయి, వేరువేరుగా తిరిగి, చివరకు అవే మూడు మాటల దగ్గర కలుసుకోవడం తన పరిశోధనశాలలో ఎన్నడూ చూడలేదు. ఒక తూనికరాయి తప్పని మరో రెండు రాళ్ళు చెబుతున్నప్పుడు ఎవరైనా మొదట దేనిని అనుమానించాలి? ఆ ఆలోచన ఎటు దారితీస్తుందో ఆమెకు కనిపించింది. ఆమె దానిని నమ్మలేదు. నమ్మదగిన ఆధారం ఇంకా లేదు.

ఇన్‌స్పెక్టర్ నడవలో ఎదురయ్యాడు. ఒకప్పుడు ఆమె నివేదికలు చేతబట్టుకుని కోర్టులో గెలిచినవాడు. ఒకసారి ఆమె నివేదిక వల్లనే ఓడినవాడు. రెండోదే ఎక్కువ గుర్తు.

"ఇంకా దేనికి మేడమ్ ఈ తవ్వకాలు? ఒంట్లో రెండు డోసుల మందు తేలింది. మంచం పక్క బుట్టలో రెండు సిరంజీలు దొరికాయి. ఆ బుట్ట రోజూ ఖాళీ చేస్తారు. ఒకటి డాక్టరు వేశాడు, రెండోది ఈవిడ వేసి మర్చిపోయింది. పైగా డాక్టరే రెండుసార్లు వచ్చాడంటోంది. ఇంతకంటే ఏం కావాలి?"

"గుచ్చిన గుర్తులు చూశారా? అంగుళం ఎడంలో, ఒకే వాలులో ఉన్నాయి. సిరంజి గీతలు కనపడని ఆవిడ చెయ్యి అంత శుభ్రంగా వేస్తుందా?"

"రోజూ చూసి చూసి వచ్చేసి ఉంటుంది."

"మీరూ రోజూ క్షవరం చేయించుకుంటారుగా. ఎదుటివాడికి చేయగలరా?"

ఇన్‌స్పెక్టర్ గడ్డం తడుముకుని, వెంటనే చేయి దించేశాడు. "నేను ఆవిడ మీద హత్యానేరం పెట్టట్లేదు. జాలిపడి ఆసుపత్రికి పంపుతున్నాను. మీరు అడ్డం పడితే ఆ జాలి కూడా పోతుంది. అది చూసుకోండి" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచకపోవడమే బెదిరింపుగా ఉంది.

"ఒక్క పావుగంట. డాక్టరు గది చూసి, ఆయనతో మాట్లాడి వస్తాను. మీరూ రండి. నేను తప్పైతే నవ్వడానికి దగ్గర్లో ఉంటారు."

డాక్టరు చేతులు కడుక్కోవడానికి వెనక్కు వెళ్ళాడు. గదిలో నర్సు ఒక్కతే ఉంది. ఈ క్లినిక్ తెరిచిన నాటి నుంచీ ఆయన దగ్గరే పనిచేస్తున్న నడివయసు మనిషి. లోపలికి రావచ్చా అని మేడమ్ అడిగితే వద్దనడానికి నోరు తెరిచి, వెనకనున్న ఇన్‌స్పెక్టర్ టోపీ చూసి పక్కకు తప్పుకుంది.

గది మామూలుగానే ఉంది. బల్ల, బీపీ యంత్రం, తెర వెనక మంచం, మందుల అలమార. మేడమ్ చేతులు వెనక్కు కట్టుకుని నెమ్మదిగా చుట్టూ తిరిగింది. బల్ల మీద రెండు టీ కప్పులున్నాయి. రెంటినీ ఎవరూ ముట్టుకోలేదు. ఒకటి మీగడ కట్టింది, రెండోది ఇంకా గోరువెచ్చగా ఉంది. ఆమె చూస్తుండగానే హోటలు పనివాడు మూడోది తెచ్చి పెట్టి, డాక్టరు గారు కబురు పెట్టారని చెప్పి వెళ్ళాడు. నర్సు గబగబా పాత కప్పులు రెండూ తీసి కిటికీ గట్టు మీదకు మార్చింది.

బల్ల సొరుగుల లోపలి అంచున తెల్ల ప్లాస్టరు ముక్కలు అంటించి ఉన్నాయి. ఒక దాని మీద 'థర్మామీటరు', మరొక దాని మీద 'కళ్ళజోడు'. అక్షరాలు గుండ్రంగా, కొత్తగా ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళుగా ఒకే కుర్చీలో కూర్చున్న వ్యక్తికి తన కళ్ళజోడు ఏ సొరుగులో ఉంటుందో చెప్పవలసిన అవసరం ఎవరికి కలిగింది?

మేడమ్ వంగి నేల చూసింది. మందుల అలమార పక్కన గచ్చు మీద నాలుగు మరకలు, స్టూలు ఏళ్ళ తరబడి నిలబడిన గుర్తులు. ఆ స్టూలు ఇప్పుడు అక్కడ లేదు. రోగి కుర్చీకి సరిగ్గా వెనక ఉంది. రోగి వెనక్కు తిరిగితే తప్ప అందులో కూర్చున్నవారు కనబడరు. డాక్టరుకు మాత్రం ఎదురుగా కనబడతారు.

"ఈ స్టూలు ఎప్పుడు జరిపారమ్మా?" అని అడిగింది మేడమ్.

"ఊడ్చేటప్పుడు జరిగుంటుందండీ."

"పెద్దావిడకి మొదటి పరీక్ష చేసిన రోజు మీరు ఇక్కడ కూర్చున్నారా?"

నర్సు గొంతు తగ్గింది. ఆ రోజు తాను సెలవులో ఉన్నానంది.

అంతలో డాక్టరు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పండిన జుట్టు, ఇస్త్రీ నలగని చొక్కా, ఎవరినైనా తేలికపరిచే నవ్వు. ఇద్దరినీ కూర్చోమని, టీ తాగుతారా అని అడిగాడు. మేడమ్ రోగి కుర్చీలో కూర్చుంది. నర్సు వచ్చి వెనక స్టూలు మీద కూర్చుంది. ఇన్‌స్పెక్టర్ తలుపుకు చేరగిలబడ్డాడు.

మేడమ్ తేలిక ప్రశ్నలే వేసింది. పెద్దాయనకు రోజూ ఇచ్చే మోతాదు ఎంత? డాక్టరు చూపు ఆమె భుజం మీదుగా వెనక్కు వెళ్ళింది. వెనక నుంచి చీర అంచు కదిలిన సవ్వడి వచ్చింది. అప్పుడు జవాబు వచ్చింది. పెద్దాయన పోయి ఎన్నాళ్ళయింది? చూపు మళ్ళీ వెనక్కు పోయింది. ఈసారి నర్సే అందుకుని, పది రోజులు కావస్తోంది కదండీ డాక్టరు గారూ అంది. ఆ ఉదయం ఎన్నిసార్లు వెళ్ళారని అడిగినప్పుడు మాత్రం ఆయన ఎవరి వైపూ చూడలేదు.

"ఒక్కసారేనమ్మా. రోజుకు ఒక్కసారే కదా వేసేది."

ఆ గొంతులో అబద్ధం లేదు. మేడమ్ ఎన్నో అబద్ధాలు విన్నది. ఇది అందులోది కాదు. ఇన్‌స్పెక్టర్‌ను మోసం చేసింది కూడా ఆ నిజాయితీయే.

ఆమె వెనక్కు తిరిగి, పెద్దావిడకు తోడుగా కాసేపు బయట కూర్చోమని నర్సును కోరింది. నర్సు కదలలేదు. ఆయనకు అడిగినవి అందించాలి, తాను ఇక్కడే ఉండాలంది. మేడమ్ ఇన్‌స్పెక్టర్ వంక చూసింది. ఏమనుకున్నాడో ఏమో, అతడు తలుపు తెరిచి పట్టుకున్నాడు. నర్సు లేచి వెళ్ళింది. గడప దాటేటప్పుడు ఆమె చూసిన చూపు, రోడ్డు మీద పిల్లవాడి చేయి వదిలేసిన తల్లి చూపులా ఉంది.

"డాక్టరు గారూ, నాకూ అరవై దాటాయి. ఈమధ్య ఎక్కడ ఏది పెట్టానో గుర్తుండట్లేదు. ఆ పరీక్షేదో నాకూ ఒకసారి చేస్తారా?" అంది మేడమ్.

ఇన్‌స్పెక్టర్ పెదవి కొరుక్కున్నాడు, నవ్వు ఆపుకోవడానికి. డాక్టరు ముఖం వికసించింది. తెలిసిన పని. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మంచిదమ్మా. భయపడకూడదు. ఇది జల్లెడ లాంటిది, అంతే. ఆగినవాళ్ళందరికీ జబ్బున్నట్టు కాదు. నిద్ర లేకపోయినా, దిగులున్నా, వేరే మందుల వల్ల కూడా మరుపు వస్తుంది. అవన్నీ చూశాకే ఏదైనా చెప్పాలి. మూడు మాటలు చెప్తాను, గుర్తుంచుకోండి. దుప్పటి. నిచ్చెన. ఆవాలు. ఒకసారి అనండి."

"దుప్పటి, నిచ్చెన, ఆవాలు."

"భేష్. ఇప్పుడు గడియారం వేసి, పదకొండూ పది చూపించండి."

ఆమె కాగితం మీద గుండ్రం గీసి, అంకెలు వేసి, ముళ్ళు పెట్టింది. తొందరపడలేదు. డాక్టరు దానిని వెలుగులో పట్టుకుని చూసి, ముళ్ళు సరిగ్గా ఉన్నాయన్నాడు. గడియారం ఎందుకు వేయిస్తారో ఎంతో చక్కగా వివరించాడు. ఆయన చదివిన చదువంతా చెక్కుచెదరకుండా ఉంది. మేడమ్ మనసు ఒక్కక్షణం వెనుకాడింది. తాను తప్పైతే బాగుండునని అనిపించింది. జీవితంలో అలా అనిపించడం అరుదు.

"సరే, ఇందాక చెప్పిన మూడు మాటలేంటమ్మా?"

మేడమ్ ఆయన కళ్ళలోకి చూస్తూ, ఒక్కొక్క మాటా విడిగా పలికింది.

"గొడుగు. రైలు. పావురం."

తలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్ బూటు కిర్రుమంది. డాక్టరు చూపు ఆమె భుజం మీదుగా వెనక్కు వెళ్ళింది. ఖాళీ స్టూలు. ఆ చూపు అక్కడ కొంచెంసేపు తచ్చాడి, తిరిగివచ్చి, మళ్ళీ నవ్వయింది.

"మూడూ సరిగ్గా చెప్పారు. మీకేమీ ఢోకా లేదు. హాయిగా ఇంటికెళ్ళండి."

టీ తాగుతారా అని డాక్టరు మళ్ళీ అడిగాడు.

మేడమ్ లేచి ఇన్‌స్పెక్టర్ పక్కకు వెళ్ళి, అతనికి మాత్రమే వినబడేలా చెప్పింది. "నా బుర్ర బాగుందని ఆయన ముందే అనుకున్నారు, కాబట్టి నేనన్నది ఒప్పయింది. పెద్దావిడ బుర్ర పాడైందని ఎవరో ముందే అన్నారు, కాబట్టి ఆవిడన్నది తప్పయింది. ఈ గదిలో ఆ మూడు మాటలు గుర్తుంచుకోలేనిది రోగులు కాదు."

ఇన్‌స్పెక్టర్ డాక్టరు వైపు ఒకసారి చూశాడు. అయినా పట్టు వదలలేదు. "ఇది ఒక్కసారే కదా. ముసలాయన ఏదో పరధ్యానంలో..."

"కావచ్చు. బయట నర్సుని అడుగుదాం."

నర్సును వెతకనక్కరలేదు. తలుపు అవతలే గోడకు ఆనుకుని నిలబడి ఉంది. అడగకముందే చెప్పేసింది. ఏడాదిగా తెలుసు. మొదట పేర్లు పోయాయి, తరువాత రోజులు. నర్సింగు చదివించింది ఆయనే, ఉద్యోగం ఇచ్చింది ఆయనే. నలుగురిలో నవ్వులపాలు కానిస్తే తనకు పుట్టగతులుంటాయా? అందుకే స్టూలు జరిపింది, వేళ్ళతో సైగలు చేసింది, ప్రతి మందుచీటీ రెండుసార్లు సరిచూసి పంపింది.

"చెయ్యి మర్చిపోలేదండీ, మనసే మర్చిపోతోంది. పక్కన నేనుంటే చాలనుకున్నాను. పొద్దున్న నడిచి వెళ్ళేటప్పుడు నేను పక్కన లేను కదా. నాకు తట్టలేదండీ."

"పెద్దాయన పోయాక తట్టిందా?" మేడమ్ గొంతు మెత్తగానే ఉంది.

నర్సు తల వంచుకుంది. తట్టింది. తట్టిన రోజు నుంచీ నిద్రలేదు. అయినా నోరు విప్పలేదు. ఎదురు బల్ల మీద, జీపు ఎక్కడానికి సిద్ధంగా చెప్పులు జత చేసుకుని కూర్చున్న పెద్దావిడ వైపు ఆమె ఇప్పటికీ చూడలేకపోయింది.

"దారిలో ఆయన ఆగే ఇళ్ళు ఇంకెన్ని ఉన్నాయి?"

నర్సు నోరు తెరిచేలోగా డాక్టరు గది తలుపు తెరుచుకుంది. ఆయన చేతిలో సంచీ ఉంది. చొక్కా పైగుండీ పెట్టుకుంటూ, ఏదో ఆలస్యమైన మనిషిలా ముందుగదిలోకి వచ్చాడు. బల్ల మీద పెద్దావిడను చూడగానే కళ్ళలో పాత స్నేహం మెరిసింది.

"ఇక్కడున్నారా అమ్మా! పదండి, ఇంటికే బయలుదేరాను. మీ ఆయనకి ఇంజెక్షన్ వేయాలి. పొద్దున్న రావడం పడలేదు."

కూతురి చేతిలోని సంచి జారి కింద పడింది. ఇన్‌స్పెక్టర్ ఒక అడుగు ముందుకు వేసి, ఎక్కడ వేయాలో తెలియనట్లు ఆగిపోయాడు. మేడమ్ చేయి చాచి అతడిని పట్టుకుంది.

పెద్దావిడ నెమ్మదిగా లేచింది. డాక్టరు ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆమె ముఖంలో కోపం రాలేదు. అంతకన్నా భారమైనదేదో వచ్చి నిలిచింది. ముందుకు వెళ్ళి ఆయన చేతిలోని సంచీ పిడి మీద తన చేయి వేసింది. ఆ ఉదయం భర్త చేతిని పక్కకు తీసిన చేయి అది.

"పొద్దున్నే వచ్చి వేశారండీ. ఇంక అక్కర్లేదు" అంది.

డాక్టరు ఆమె మాట నమ్మి, సంచీ వదిలేశాడు.

ఆ ఉదయం డాక్టరు రెండుసార్లు వచ్చాడు. పెద్దావిడకు అది మొదటి నుంచీ గుర్తే ఉంది.